ఆరున్నొక్కటో నంబరు గది

2019 నవంబరు 5, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. ఆ సమయానికి నేనూ నా మనవరాలూ కార్డులిచ్చే ఆఫీసులో రెండో కిటికీ ముందు నిలబడి ఉన్నాం. కిటికీ వెనకాల గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకబడి ఉంది. నేను రాసింది నా చేతి గడియారం ప్రకారం.

మనవరాలు నా కూతురి కూతురు. అప్పటికి దానికి పందొమ్మిదేళ్ళు. టెక్నికల్ స్కూలు చదువు ముగించి, రైల్వేలో సిగ్నళ్ళ పనికి పరీక్ష రాసి నెగ్గింది. డిసెంబరు 2వ తేదీలోగా పౌరసత్వపు కార్డు చూపిస్తే ఉద్యోగం. చూపించలేకపోతే ఆ చోటు జాబితాలో తరవాత ఉన్నవాళ్ళకి పోతుంది. ఇరవై ఏడు రోజుల గడువు. తాతముత్తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నట్టు రెండు వైపులా చూపాలి. దాని తండ్రి వైపు కాగితాలన్నీ సరిపోయాయి. తల్లి వైపు, అంటే నా వైపు, ఆగిపోయింది.

ఆగిపోవడం అన్నది నా వైపు నుంచి జరగడం నాకు కొత్త. అప్పటికి నేను నలభై ఒక్క సంవత్సరాలుగా రంగూన్‌లో, తామ్వే పేటలో, మా ఇంట్లోనే పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. పుట్టిన తేదీలూ పోయిన తేదీలూ, బడిలో చేరిన తేదీలూ, ఇల్లు మారిన తేదీలూ అన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. మా ఇంట్లో పోయిన కాగితం లేదు. ఆ రోజు కూడా అట్టపెట్టెలో వరస తప్పకుండా పేర్చి తీసుకెళ్ళాను.

కిటికీ వెనకాల కూర్చున్నావిడకి నలభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఇక్కడ చదువుకున్న ఆడవాళ్ళని గౌరవంగా సయామ అంటాం, పంతులమ్మ అన్నట్టు. నన్నావిడ ఆఫ్వా అంది, మామ్మా అన్నట్టు. మా మాటలన్నీ బర్మీస్‌లోనే.

"ఆఫ్వా, మీ నాన్నగారి సర్వీసు పుస్తకంలో ఆయన ఉన్నది ఇన్సేన్‌లో రైల్వే కూలీల లైనులో ఏడో నంబరు గది. మీరు పుట్టిన ఏడాది ఇళ్ళ జాబితాలో మీరూ మీ అమ్మగారూ ఉన్నది 6/1. అంటే ఆరో గదిలో ఒక వాటా. ఇల్లు వేరు."

"ఆ రెండూ ఒకటే గది, సయామ. జాబితాలో మా నాన్న పేరు కూడా ఉంది చూడండి."

"చూశాను. ఆ లైనులో అదే పేరు గలవాళ్ళు నలుగురున్నారు. ఏ పేరు ఎవరిదో చెప్పేది గది నంబరే."

అది నిజమే. మా ఊళ్ళ వాళ్ళందరూ ఒకే కొండమీద దేవుడి పేరు పెట్టుకుంటే ఆవిడేం చేస్తుంది?

"ఆరు బై ఒకటి అన్నా ఏడన్నా ఒకటే" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక చూసింది. "మీరు లెక్కలు చెబుతారన్నారు కదా?"

మనవరాలు నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. డెబ్బై మూడేళ్ళ వయసులో లెక్క తప్పిందని ఒకరు నన్ను అనడం అదే మొదటిసారి.

ఆ నంబరు సంగతి చెప్పాలంటే మా నాన్న దగ్గర్నుంచి చెప్పాలి.

నాన్న 1934లో శ్రీకాకుళం దగ్గర పల్లె వదిలి విశాఖపట్నంలో ఓడెక్కాడు. రంగూన్ రేవులో రెండేళ్ళు బస్తాలు మోశాడు. 1936లో ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టే పనిలో చేరాడు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. దేశం విడిపోతే రైలేమైందని నేను చిన్నప్పుడు అడిగాను.

"ఏటీ అవనేదే. పట్టాలిక్కడే ఉన్నాయి, ఇంజన్లిక్కడే ఉన్నాయి. కాయితాలే ఇడిపోనాయి" అన్నాడు.

ఆయనన్నది సరిగ్గా ఉంది. ఇండియా నుంచి బర్మాకి పట్టాలు ఎన్నడూ లేవు. మధ్యన కొండలు, లేదా సముద్రం. కోయడానికి రైలు మార్గమే లేనప్పుడు విడగొట్టవలసింది పుస్తకాలనే. ఆ ఏప్రిల్లో నాన్న ఇంటికి రాసిన ఉత్తరం మీద తపాలా బిళ్ళలో ఎప్పటి రాజు బొమ్మే ఉందిట, కానీ దాని మీద బర్మా అని నల్లగా అచ్చు వేశారు. అమ్మకి అది చదవడం రాదు. రాజుగారి మొహం మీద మసి పడిందనుకుందిట. ఆ తరవాత కొద్ది నెలలకే ఆవిడా ఓడెక్కి నాన్న దగ్గరికి వచ్చేసింది. సర్వీసు పుస్తకంలో ఆ తేదీ దగ్గర గుమాస్తా ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీశాడు. గీతకి పైన నాన్న వేలిముద్రలు. కింద సంతకాలు, తెలుగులో. కొత్త ప్రభుత్వం దగ్గర వేలిముద్ర వేసేవాణ్ణి పనిలోంచి తీసేస్తారని ఎవరో భయపెడితే మూడు రాత్రుల్లో నేర్చుకున్నాడుట. అలాంటి హుకుం ఏదీ లేదు. కాని సంతకం మాత్రం వచ్చింది.

ఉత్తరం, సర్వీసు పుస్తకం అయ్యాక ఇక మూడోది గదులు. రైల్వే వాళ్ళు కూలీల లైన్లకి కొత్త పుస్తకం రాస్తూ, ప్రతి తలుపు మీదా నంబరు వేయించమన్నారు. మా లైను ఇరవై నాలుగు గదుల వరస. ఆ పని మేస్త్రీకి అప్పగించారు. ఆయనా మా వైపు వాడే, బాప్టిస్టు క్రైస్తవుడు. అంకెలు బాగా తెలిసినవాడు, నమ్మకమైనవాడు. ఒకటి దగ్గర మొదలుపెట్టి తారుతో వరసగా వేసుకుంటూ వచ్చాడు. ఆరో తలుపు అయ్యాక ఆగాడు.

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, ఆరున్నొక్కటి అంటారు. రాశి ముందు నిలబడి ఏడు అంటే ఏడవమన్నట్టే కదా. మా అమ్మ బియ్యం కొలిచినా బట్టలు లెక్కపెట్టినా అంతే. నేను కూడా రాతలో ఏడు రాస్తాను గాని నోటితో లెక్కపెట్టేటప్పుడు అనను. నా దగ్గర చదువుకున్న బర్మా పిల్లలు కొందరు ఇళ్ళకి వెళ్ళి ఆరున్నొక్కటి అని చెప్పి తిట్లు తిన్నారు.

ఆ మేస్త్రీ కూడా ఒక కాపరం ఉండే గది తలుపు మీద ఏడు రాయడానికి చెయ్యి రాక, 6 వేసి, గీత గీసి, 1 వేశాడు. ఆఫీసులో గుమాస్తా మాత్రం వరసలో ఏడోది ఏడు అని రాసుకున్నాడు. అలా రైల్వే పుస్తకాల్లో మాది ఏడో నంబరు. ఇళ్ళ జాబితాకి తలుపులు చూసి రాసుకున్నవాళ్ళకి 6/1. యుద్ధంలో ఆ లైను కప్పు ఎగిరిపోయింది. నాన్నా అమ్మా పల్లెటూళ్ళలో తలదాచుకుని తిరిగివచ్చేసరికి తలుపూ తారూ అలాగే ఉన్నాయి. 1946లో నేను అక్కడే పుట్టాను. ఎనభై రెండేళ్ళపాటు ఆ రెండు నంబర్లూ రెండు పుస్తకాల్లో వేరువేరుగా ఉన్నాయి. ఎవరికీ అడ్డం రాలేదు. మా మనవరాలి దగ్గరికొచ్చేసరికి ఎదురుపడ్డాయి.

ఇదంతా నేను సయామకి చెప్పాను. పదకొండు నిమిషాలు పట్టింది. ఆవిడ మధ్యలో ఆపకుండా వింది.

"కథ బాగుంది ఆఫ్వా. కానీ ఫైలులో కథ పెట్టలేను. రాసిన కాగితమో, చూసిన మనిషో కావాలి."

బయటికొచ్చాక మనవరాలు బర్మీస్‌లో, మధ్యమధ్య తెలుగు కలుపుతూ అంది: "అమ్మమ్మా, ఏడంటే ఏడుపని భయపడ్డారు కదా. ఇప్పుడు చూడు, ఎవరికి ఏడుపో!"

"నోర్ముయ్యి" అన్నాను. తరవాత నాకూ నవ్వొచ్చింది.

చూసిన మనిషి ఒకావిడ ఉంది. మేస్త్రీ కూతురు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అప్పటికి ఎనభై ఎనిమిది. ఇన్సేన్‌లోనే ఉంటుంది. పదో తేదీ ఆదివారం చుట్టు రైలెక్కాం. ఊరి చుట్టూ తిరిగి వచ్చే రైలుకి మా వాళ్ళు పెట్టుకున్న పేరది. తామ్వే నుంచి ఇన్సేన్‌కి గంటా అయిదు నిమిషాలు. పొడుగాటి బెంచీల మీద ఎదురెదురుగా కూర్చుంటారు. మా ఎదురుగా కూరల గంపలు. మనవరాలు కిటికీలోంచి తల బయటపెట్టి ప్రతి సిగ్నలునీ చూసింది. ఏ సిగ్నలు చేత్తో లాగేదో, ఏది కరెంటుదో చెబుతూనే ఉంది. కార్డు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆశ ఎంత గట్టిగా ఉందో నాకు దాన్ని బట్టే తెలిసింది.

మేము వెళ్ళేసరికి ఆవిడ చర్చి నుంచి వచ్చి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఓలమ్మ, ఒచ్చినావా! ఈ గుంటెవులు, నీ మనవరాలా? ఏటే ఇంత బక్కగున్నాది? తిండెట్టవా?"

"పెడతాను. తిన్నదంతా మాటల్లో పోతుంది. అక్కా, నీతో పనుండి వచ్చాను. మీ నాన్న లైనుకి నంబర్లు వేసిన రోజు నీకు గుర్తుందా?"

"గురుతేటి? తారు డబ్బా అట్టుకున్నది నానే గదా! ఆరేళ్ళు నాకు. గౌను మీద తారు పడితే మాయమ్మ ఈపు ఇమానం మోత మోగించింది."

"మరి మా తలుపు మీద ఏమి వేశాడు?"

"ఆరున్నొక్కటి. ఇంకేటేస్తాడు? మీయమ్మ గుమ్మంలో నిలబడి సూత్తన్నాది. 'మేస్త్రీబాబూ, మా ఇంటికి ఆ అంకె ఎయ్యకు' అన్నాది. 'నానెందుకేస్తానమ్మా' అన్నాడు."

నేను ఊరుకోలేక అడిగాను. "మీరు క్రైస్తవులు కదా. దేవుడు ఆరు రోజులు పనిచేసి తరవాతి రోజు విశ్రాంతి తీసుకున్నాడు. మంచి రోజే కదా. మీ నాన్నకెందుకు ఆ భయం?"

"దేవుడు లైన్లో కాపరమున్నాడేటి?" అంది.

మనవరాలికి ఆ యాస సగం అర్థమై సగం అర్థం కాక, చివరి ముక్క మాత్రం పట్టుకుని పగలబడి నవ్వింది. ఆవిడ దాని నెత్తి మీద మొట్టికాయ వేసి, "నవ్వుతావేటే! నీ కాయితం కోసం నానొస్తాను. ఎప్పుడెల్దాం?" అంది.

పదమూడో తేదీ బుధవారం టాక్సీ తీసుకుని ఆవిడని ఆఫీసుకి తీసుకెళ్ళాం. తెల్లచీర కట్టుకుంది. కర్ర వద్దంది, నా భుజం పట్టుకుంది. సయామ ఆవిడకి లోపల కుర్చీ వేయించింది. తారు డబ్బా సంగతి రాసుకుంది. రాసుకున్నాక కలం కింద పెట్టింది.

"మీరిద్దరూ ఒకే లైను వాళ్ళు. ఒకరికొకరు చెప్పుకున్నారంటారు పైవాళ్ళు" అంది. పక్కనే ఉన్న డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. రబ్బరు ముద్రలు. చెక్క పిడులవి, చాలా ఉన్నాయి. "ఆఫ్వా, ఇవెన్నో మీ భాషలో లెక్కపెట్టి చెప్పండి" అంది మేస్త్రీ కూతురితో.

ఎందుకో ఆవిడకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, కొత్త చోటు, ఒకవేళ అలవాటు తప్పి ఏడు అనేస్తే ఇక్కడితో సరి.

ఆవిడ ఒక్కొక్క ముద్రనీ వేలితో పక్కకి జరుపుతూ మొదలుపెట్టింది. "లాబం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొక్కటి. ఎనిమిది."

సయామ నా వంక చూసింది. నేను తలూపాను. అంతటితో ఆపమందామనుకున్నాను. కానీ ఆవిడ మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే రకం కాదు. పది దాటింది, పదిహేను దాటింది.

"పదహారు. పదహారున్నొక్కటి. పద్దెనిమిది."

"అమ్మమ్మా!" అని మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పదిహేడులో కూడా ఏడుంది కదా! అయితే ఆ తలుపు మీద కూడా..."

నలభై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పిన నాకు ఆ పదిహేను రోజుల్లో, సరిగ్గా చెప్పాలంటే ఎనిమిది రోజుల్లో, ఆ మాట తట్టలేదు. ఇరవై నాలుగు గదుల్లో ఏడు ఒక్కచోటే రాదు. పదిహేడు ఉంది. మేస్త్రీ అక్కడా ఆగి ఉంటాడు.

మనవరాలు ఇక నా కోసం చూడలేదు. కిటికీ మీదికి వంగి తనే బర్మీస్‌లో గడగడా చెప్పేసింది. "సయామ, అదే లైనులో 16/1 అని ఉందేమో చూడండి. ఉంటే పదిహేడు ఉండదు. ఆ 16/1 వాళ్ళ రైల్వే కాగితంలో పదిహేడు ఉంటుంది. అలా ఉంటే, వాటా కాదు, నంబరు రాసే పద్ధతే అది."

సయామ లోపలి గదిలోకి వెళ్ళింది. పద్దెనిమిది నిమిషాల తరవాత ఒక పాత జాబితా, ఒక ఫైలు పట్టుకొచ్చింది. జాబితాలో 16 ఉంది, 16/1 ఉంది, 18 ఉంది. పదిహేడు లేదు. 16/1లో ఉన్నది ఒక బర్మా కుటుంబం. వాళ్ళ అబ్బాయికి అంతకు ముందు సంవత్సరమే కార్డు ఇచ్చారు. ఆ ఫైలులో వాళ్ళ తాతగారి రైల్వే కాగితం ఉంది, గది నంబరు 17.

"వీళ్ళదీ మీలాగే ఉంది. ఎవరూ అడగలేదు" అంది సయామ, తనలో తను అనుకున్నట్టు.

ఎందుకు అడగలేదో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అడగని ఆ ఫైలు వల్లే మా పని అవుతోంది.

ముద్రలు లెక్కపెడుతున్నావిడ మాత్రం ఇదేదీ పట్టించుకోకుండా చివరిదాకా వెళ్ళింది. "ఇరవై మూడు. ఇదిగో సయామా, ఇందులో ఒకదానికి పిడి ఇరిగిపోనాది. సూసుకో" అని తెలుగులోనే చెప్పింది. సయామ ఆ ముద్ర చేతిలోకి తీసుకుని చూసి, నవ్వి, "ఏడుని మీ భాషలో ఏమంటారు ఆఫ్వా, ఒక్కసారి చెప్పండి" అని నన్నడిగింది.

చెప్పాను. అర్థం కూడా మళ్ళీ చెప్పాను.

"మా భాషలో ఏడుకి అలాంటి బాధ లేదు" అంది. "కాగితంలో ఏడనే రాయాలి. రెండు నంబర్లు ఒకే ఇంటికి ఉండకూడదు. జాబితాలో 6/1 కొట్టేసి 7 అని దిద్దుతాను. మీ పుట్టుక కాగితంలోనూ అంతే. ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ సంతకం చేయండి. ఇంకొకటి, మీ నాన్నగారి సర్వీసు పుస్తకం అసలుదే ఫైలులో ఉండాలి. దిద్దిన దానికి ఆధారం అదే కదా. నకలు తీసి ఇస్తాను."

మనవరాలు వెంటనే నా వంక తిరిగింది. ఆ పుస్తకం ఇంట్లో ఎక్కడుంటుందో దానికి తెలుసు, ఎవరినీ ముట్టుకోనివ్వననీ తెలుసు. "వద్దులే అమ్మమ్మా. ఇంకో దారి ఉందేమో అడుగుదాం" అంది, తెలుగులో, మెల్లగా.

ఇంకో దారి వెతకడానికి పందొమ్మిది రోజులున్నాయి. అది చాలదని నాకు తెలుసు. నేను పుస్తకం విప్పి ఎర్ర గీత ఉన్న పేజీ ఒకసారి చూసుకున్నాను. గీత కింద మొదటి సంతకంలో నాన్న తన పేరులో ఒత్తు మరిచిపోయాడు. రెండో సంతకం నుంచి ఒత్తు ఉంది. ఇది నకలులో కూడా కనపడుతుంది. పుస్తకం మూసి కిటికీలోంచి అందించాను. సయామ రెండు చేతులతో తీసుకుంది.

"ఏటి, అయిపోనాదా?" అంది మేస్త్రీ కూతురు.

"అయిపోయిందక్కా."

"మరి నీ మనవరాలు ఏడుస్తన్నాదేటి?"

"ఏడవటం లేదు మామ్మా" అంది మనవరాలు, ముక్కు చీదుకుంటూ. ఆ మాట అనేటప్పుడు దాని తెలుగు తప్పు లేకుండా ఉంది.

ఆఫీసు ఎదురుగా కొట్లో ముగ్గురం టీ తాగాం, వేడి వేడి రొట్టెలు తిన్నాం. ఎనభై ఎనిమిదేళ్ళావిడ రెండు రొట్టెలు తిని మూడోది కాగితంలో చుట్టించుకుంది. నవంబరు 28, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి కార్డు చేతికి వచ్చింది. గడువుకి నాలుగు రోజులు ముందు. మరుసటి ఉదయమే మనవరాలు కార్డు నంబరు రైల్వే ఆఫీసులో రాయించి, రసీదు తెచ్చి నాకు చూపించింది. డిసెంబరులో పనిలో చేరింది.

దీనికైన ఖర్చు ఇక్కడ రాయటం లేదు. పోయినవి మాత్రం రాస్తాను. నాన్న సర్వీసు పుస్తకం, అసలుది, ఒకటి. అందులో వేలిముద్రలు రెండు, సంతకాలు పదకొండు. నేను పుట్టిన గది నంబరు, పాతది, ఒకటి. పాఠం చెప్పకుండా పోయిన రోజులు, మూడు. ఇంకేమీ పోలేదు.